చీనా కచేరిలో మనవాడు

చీనా దేశమున రెండేండ్లు కొలువు చేసి, ఖమ్మము జిల్లా ముదిగొండలోని తన యింటికి వచ్చిన యువకుడొకడు మొదటినాడే తల్లిని వేడినీళ్ళడిగెను. ఆమె గతుక్కుమని, కొడుకు నుదుటిపై చేయి వైచి, "జ్వరమేమైన తగిలినదా నాయనా?" అని కలవరపడినది. మన పల్లెలలో వేడినీళ్ళు రోగి త్రాగునవి. చీనా కచేరిలోనో, అవి ఆరోగ్యవంతుని నిత్యపానీయము. ఉద్యోగుల బల్లలమీద మూతగల ఫ్లాస్కులుండును. అందులో చిటికెడు టీ ఆకు వైచి, సాయంకాలము వరకు దానిపైననే మరల మరల వేడినీరు పోసికొని త్రాగుచుందురు. పాలును పంచదారయు లేని ఆ పానీయము మనవానికి మొదట కషాయమువలె తోచినది. ఆరుమాసములకు అది లేనిదే ప్రొద్దు గడవకపోయినది.

పరదేశపు కొలువనగానే మనము భాషను తలచుకొని భయపడుదుము. కాని భాషకంటె కష్టమైనది కచేరి మర్యాద. 2019లో తిరుపతి కర్మాగారమునకై ఎంపికైన తెలుగు ఇంజనీర్లు పలువురు శిక్షణ పొందుటకు వూహాన్ నగరమున కేగిరి. 2020 జనవరి 23వ తేదీన మహమ్మారి కారణమున ఆ నగరము దిగ్బంధితము కాగా, వారిలో అధికులు ఫిబ్రవరి 1వ తేదీన ఎయిరిండియా ప్రత్యేక విమానమున ఢిల్లీ చేరిరి. మనము పత్రికలలో చదివినది వారి ఆపదను గూర్చియే. అచ్చటి కచేరిలో తెలుగువాని దినచర్య యెట్టిదో మనకంతగా తెలియదు. ముదిగొండ యువకుని మాటలవలన నాకు కొంత తెలిసినది.

మనకు "గారు" ఎట్టిదో, చీనావారికి పదవి పేరట్టిది. వాంగ్ అను మేనేజరును వట్టి వాంగ్ అని పిలువరాదు. "వాంగ్ జింగ్‌లీ" అనవలెను. జింగ్‌లీ యనగా మేనేజరు. చనువుగల సహోద్యోగులలో వయసు మీరినవాడు "లావ్ వాంగ్", పిన్నవాడు "శియావ్ లీ": పెద్ద వాంగు, చిన్న లీ అన్నమాట. పెద్దయ్య, చిన్నయ్యల నడుమ పెరిగినవానికి ఇది ఒక్కదినములో పట్టుబడినది. "పరిశీలించెదము" అని అధికారి చిరునవ్వుతో అన్నచో, ఆ పని కాదనియే తరచు అర్థము. మన "చూద్దాము లెండి" దానికి తోబుట్టువే. మధ్యాహ్న భోజనమైన పిమ్మట పెక్కు కచేరీలలో దీపములార్పి, బల్లపై తల వాల్చియో, మడతమంచము వేసికొనియో కునుకు తీయుదురు. మొదటినాడు మనవాడు కరెంటు పోయినదనుకొనెను.

చిక్కు వచ్చినది వేరొకచోట. ఒక సమావేశములో పైయధికారి తెరమీద చూపిన లెక్కలో తప్పును మనవాడు కనిపెట్టెను. సరకు పంపవలసిన గడువు ఆ లెక్కపై ఆధారపడియున్నది. వెంటనే లేచి, అందరి యెదుట, "ఇది తప్పు" అనెను. తప్పు నిజమే. కాని గదిలో నొక్కరును నోరు మెదపలేదు. అధికారి చిన్నగా నవ్వి పుట త్రిప్పెను. అటుపై వారము దినములు ఏ చర్చకును అతనిని పిలువలేదు. ప్రక్కబల్ల పెద్దాయన ఒకనాడు టీ ఇచ్చుచు, "నీవు లెక్కను దిద్దితివి, మనిషిని పడవైచితివి" అనెను.

చీనావారు దీనిని "మియాన్‌జి" అందురు. ముఖమని అర్థము. ముఖము చెల్లకపోవుట, తలవంపులగుట మనకు తెలియనివి కావు. రచ్చబండపై పెద్దమనిషి తప్పు పలికినచో, అక్కడ వాదింపక, ఇంటిదారిలో చెప్పవలెనని మనవాని తాత చెప్పెడివాడు. చదువుల సందడిలో వాడది మరచెను. మరొకసారి పొరపాటు కనబడినపుడు, సమావేశమునకు ముందే కాగితము పట్టుకొని పోయి, సందేహమడిగినట్లు అడిగెను. అధికారి లెక్కను సవరించి సభలో తానే ప్రకటించెను. ఆ రాత్రి విందులో మనవాని కప్పులో స్వయముగా టీ పోసెను. సరకు గడువునకు చేరినది.

ఇది క్రొత్త పాఠము కాదు. 1863లో చీనా సుంకముల శాఖకు అధిపతియైన ఐర్లండు దేశీయుడు రాబర్ట్ హార్ట్, మరుసటి యేడు తన క్రిందనున్న విదేశీయులకు ఉత్తరువు పంపెను. ఈ శాఖ చీనావారిదిగాని విదేశీయులది కాదనియు, అచ్చటి అధికారులయెడలనే గాక ప్రజలయెడలను నొప్పింపని తీరున మెలగవలెననియు దాని సారాంశము. 1820లో మన కడప కచేరిలో అడుగిడిన బ్రౌను దొర తెలుగును నేర్చినాడు గనుకనే మనవాడైనాడు.

అయినను మర్యాద వేరు, లొంగుబాటు వేరు. అధికారి లేవనిదే ఎవరును లేవని కచేరీలు కలవు. ఉదయము తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది వరకు, వారమున కారు దినములు చేయించు పనికి "996" అని పేరు. 2019లో చీనా యువకులే దీనిని నిరసించిరి. 2021 ఆగస్టులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానమును, కార్మిక మంత్రిత్వశాఖయు ఇది చట్టవిరుద్ధమని ప్రకటించినవి. చట్టము ప్రకారము అదనపు పని నెలకు 36 గంటలకు మించరాదు. మనవాడు తన పని ముగిసిన సాయంకాలము అధికారికి నమస్కరించి, "అమ్మ నా మాటకై ఎదురుచూచుచుండును" అని చెప్పి వెళ్ళసాగెను. ఏడాది చివర నిచ్చు బహుమానము కొంత తగ్గినది. దానికాతడు విచారింపలేదు.

ఇప్పుడా తల్లి తెల్లవారగనే వేడినీళ్ళు కాచి ఫ్లాస్కులో పోసియుంచును. టీ ఆకు మాత్రము వేయనీయదు. అది కావలెనన్న పాలు పోసియే యిచ్చెదనని ఆమె పట్టు. కొడుకు ఎదురాడక త్రాగుచున్నాడు.