నోరులేని రోగులకు మన మందులా?



ఇంటిలో నెవరికి ఒడలు వెచ్చబడినను మందులపెట్టె తెఱచునది గృహిణియే. పెద్దలకెంత, పిల్లలకెంత యని మాత్రను త్రుంచి యిచ్చుట మనకు అలవాటు. ఆ చేయియే పెంపుడు జంతువుకడకు చాచినచో నేమగునో నేనెఱుగుదును. సిగ్గుపడి దాచుటకంటె చెప్పుటయే మేలని యిది వ్రాయుచున్నాను.

మా యింట నాలుగేండ్లు పెరిగిన పిల్లి యొకటి యుండెడిది. వానకాలమున నొకనాడు అది పాలు ముట్టక మూల ముడుచుకొని పడియుండెను. తాకిచూడగా ఒడలు వెచ్చగా నున్నది. పిల్లలు కంటనీరు పెట్టుకొనిరి. నేను 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలో సగము నూరి, పాలలో కలిపి నోట పోసితిని. మా అబ్బాయికి మేలుచేసిన సగము మాత్ర పిల్లికి కీడు చేయునా యనుకొంటిని. ప్రొద్దుగ్రుంకునప్పటికి దాని మొగము వాచెను, చిగుళ్లు ఎఱుపు తప్పి గోధుమవన్నెకు తిరిగెను, ఊపిరి బరువెక్కెను. పశువైద్యశాలకు కొనిపోయితిమి గాని ప్రాణము దక్కలేదు. “ఏ మందిచ్చితిరమ్మా?” యని వైద్యులడిగిన మాట నేటికిని నా చెవుల మ్రోగుచున్నది.

ఆయన చెప్పిన సంగతులు వినుడు. మన కాలేయము పారాసెటమాల్‌ను మార్చి వెలుపలికి పంపివేయును. పిల్లి కాలేయమున నా పనిచేయు ఎంజైము మిక్కిలి తక్కువ. అందుచే ఆ మందు విషముగా మారి నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌ను చెఱచును. అటుపిమ్మట నెత్తురు ప్రాణవాయువును మోయజాలదు. మఱియు పిల్లి యొడలు సహజముగనే మనకంటె వెచ్చన; ఫారన్‌హీటు 101, 102 డిగ్రీల వేడిమి దానికి ఆరోగ్యమే. నేను జ్వరమని భ్రమసినది జ్వరమో కాదో యిప్పుడెవరు చెప్పగలరు?

శరీరము చిన్నదగుట వేఱు, శరీరధర్మమే వేఱగుట వేఱు. మన పూర్వులు అశ్వములకు శాలిహోత్రమును, ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదమును ప్రత్యేకముగా ఏర్పఱచుకొనుట ఊరక కాదు. మనము నొప్పులకు వాడు ఐబుప్రోఫెన్ కుక్కకు కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెఱచును. చక్కెరకు బదులు జైలిటాల్ చేర్చిన పదార్థము తిన్న కుక్కకు నెత్తుటిలోని చక్కెర హఠాత్తుగా పడిపోవును. అంతే కాదు, ఒక జంతువు మందు వేఱొక జంతువునకు చెల్లదు. కుక్కల గోమార్లకు పూయు పెర్మెత్రిన్ పిల్లిమీద పడెనా, వణకు, మూర్ఛలు కలిగి ప్రాణముమీదికి వచ్చును.

అట్లని అన్ని మందులును వేఱు కావు. అమాక్సిసిలిన్ వంటివి మనకును వానికిని ఇత్తురు. మన మందునే పశువైద్యులు వ్రాసి యిచ్చుటయు కద్దు. కాని మోతాదు, ఎన్ని గంటలకొకమాఱు, ఎన్నినాళ్లు అను లెక్క వారిది. మన ఊహ కాదు.

కనుక పశువుల మందులకు వేఱు పెట్టె యుంచుడు. మన దేశమున పశువుల మందుల చీటీపై జంతువు తల గుర్తును, మనుష్యులకు కాదను హెచ్చరికయు నుండును. అవి చూడక ఏ సీసాయు తెఱవకుడు. జంతువు ఆహారము మానినచో నీరందుబాటున నుంచి వైద్యుని కడకు కొనిపొండు. పొరపాటున మన మందు మ్రింగినచో లక్షణములు కనబడువఱకు వేచియుండక, ఆ మాత్రల అట్టతో సహా వెంటనే బయలుదేరుడు. పారాసెటమాల్‌కు ఎసిటైల్‌సిస్టీన్ అను విరుగుడు కలదు. అది తొలి గంటలలో పడిననే ఎక్కువ ఫలము.

బిడ్డయైనచో ఇచ్చట నొప్పి యని చూపును. నోరులేని ప్రాణి మన చేతినే నమ్మి నోరు తెఱచును. ఆ నమ్మకమునకు నావలె మీరును వెల చెల్లింపకుందురు గాక!