నీటి మీది మర్యాద

‘మర్యాద’ అనే మాటకు నేడు గౌరవం, సభ్యత అనే అర్థాలే ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. సంస్కృతంలో ఈ మాటకు హద్దు, ఎల్ల అని కూడా అర్థం. సముద్రతీరాన్ని సైతం మర్యాద అన్నారు. తెలుగు కవులు దానినే చెలియలికట్ట అన్నారు. ఎంత పొంగినా సముద్రుడు చెలియలికట్టను దాటడని పూర్వుల విశ్వాసం. హద్దుకూ సభ్యతకూ ఒకే మాట చెల్లడంలో ఔచిత్యం ఉంది. ఇతరులు గీత గీసి చూపకపోయినా తన హద్దును తాను ఎరిగి నిలవడమే మర్యాద. ఈ సత్యం స్పష్టంగా గోచరించే చోట్లలో చిన్న తెరచాప పడవలు విహరించే జలాశయం ఒకటి.

తెరచాప తెలుగువారికి కొత్తది కాదు. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన శాతవాహన ప్రభువు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. గోదావరిపై సరకుల పడవలు తెరచాప ఎత్తి సాగేవి. యంత్రాలు వచ్చాక సరకు రవాణాలో తెరచాపకు ప్రాధాన్యం తగ్గింది. క్రీడగా, విహారంగా మాత్రం అది నిలిచింది. అయితే విహారనౌకను కొని, రేవులో నిలిపి, సిబ్బందిని పోషించడం చాలాకాలం సంపన్నులకే సాధ్యమయింది. ఆ స్థితిని మార్చినవి కారు వెనుక ట్రైలర్ మీద తీసుకొనిపోగల చిన్న పడవలు.

1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ పిల్లల కోసం ‘ఆప్టిమిస్ట్’ అనే పడవను రూపొందించాడు. దాని పొడవు సుమారు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు. రెండు ప్లైవుడ్ పలకలతో దానిని తయారు చేసేవారు. 1962లో బ్రిటన్‌లో జాక్ హోల్ట్, బ్యారీ బక్నెల్ కలిసి ‘మిర్రర్’ పడవను రూపొందించారు. డెయిలీ మిర్రర్ పత్రిక ప్రోత్సాహంతో వెలువడిన ఆ పడవ విడిభాగాలను ప్రజలు కొని, ఇంటివద్దనే అతికించుకొనేవారు. ఎర్రని తెరచాప దాని గుర్తు. అటువంటి పడవలు 70,000కు పైగా తయారయ్యాయి. తరువాత కెనడాకు చెందిన బ్రూస్ కిర్బీ రూపకల్పనతో ఒక్కరే నడపగల ‘లేజర్’ వచ్చింది. దాని పొడవు సుమారు 4.2 మీటర్లు, ఖాళీ పడవ బరువు 59 కిలోలు. 1996 నుండి అది ఒలింపిక్ క్రీడలలో ఉంది. 2019 నుండి ‘ఇల్కా’ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో జరిగిన జాతీయ పోటీలలో తెలుగు ప్రజలు చూసిన తెల్లని తెరచాపలలో లేజర్ పడవలవి కూడా ఉన్నాయి.

ఈ పడవల విషయంలో మర్యాద నీటిలోకి దిగకముందే మొదలవుతుంది. అమెరికా, కెనడా దేశాల సరస్సుల ఒడ్డున పడవలను నీటిలోకి దించడానికి కాంక్రీటు వాలుదారులు ఉంటాయి. ఒక వాలుదారిపై ఒక్కొక్కసారి ఒకటి రెండు పడవలకే చోటుంటుంది. సెలవు దినాలలో వెనుక పదిమంది వేచి ఉండవచ్చు. కాబట్టి స్తంభం నిలబెట్టడం, తాళ్లు బిగించడం, సామాను సర్దుకోవడం వంటి పనులన్నీ పక్కనున్న ఖాళీ స్థలంలోనే ముగించుకొని రావాలి. స్తంభాన్ని ఎత్తే ముందు పైన విద్యుత్తు తీగలు ఉన్నాయేమో చూడాలి. అల్యూమినియం స్తంభం తీగకు తగిలితే ప్రాణానికే ముప్పు. పడవ నీటిలోకి దిగిన వెంటనే కారునూ ట్రైలర్‌నూ తొలగించి, తరువాతివారికి దారి ఇవ్వాలి. ఒంటరిగా వచ్చినవారి పడవ తాడును పట్టుకోవడానికి పరిచయం అక్కరలేదు.

తిరుగు ప్రయాణంలో మరొక బాధ్యత ఉంది. 1988లో ఉత్తర అమెరికాలోని మహాసరోవరాల ప్రాంతంలో జీబ్రా ఆల్చిప్పలు తొలిసారి బయటపడ్డాయి. ఓడలలో నింపిన నీటితో అవి ఐరోపా నుండి వచ్చాయి. అక్కడి నుండి ఇతర సరస్సులకు వ్యాపించడానికి ట్రైలర్లపై తిరిగే పడవలు కూడా కారణమయ్యాయి. అందువల్ల పడవకు అంటిన నాచును తొలగించి, లోపలి నీటిని పారబోసి, పూర్తిగా ఆరిన తరువాతనే దానిని మరో సరస్సులో దించాలి. తాను చూడని సరస్సుకు, తానెరుగని జాలరికి చేసే మర్యాద ఇది.

నీటి మీద పాటించవలసిన నియమాలను గ్రహించాలంటే గాలితో తెరచాపకు గల సంబంధం తెలియాలి. తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు ఇరువైపులా సుమారు 45 డిగ్రీల మేర దానికి దారి లేదు. అటు చేరాలంటే కొంతదూరం కుడికి, కొంతదూరం ఎడమకు వంకరటింకరగా సాగాలి. అందుచేత ఒకే గమ్యానికి పోయే రెండు పడవలు సైతం మాటిమాటికీ ఎదురుపడతాయి. నీటి మీద గీతలు లేవు, దీపస్తంభాలు లేవు, పడవకు ఆనకట్టు లేదు. ఎవరు తప్పుకోవాలి?

1972లో ఆమోదం పొంది, 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నియమావళి దీనికి సమాధానం చెప్పింది. రెండు తెరచాప పడవలకు వేర్వేరు వైపుల నుండి గాలి తగులుతున్నప్పుడు, ఎడమవైపు నుండి గాలి తగిలే పడవ తప్పుకోవాలి. రెండింటికీ ఒకే వైపు నుండి తగులుతున్నప్పుడు, గాలి వచ్చే దిక్కుకు దగ్గరగా ఉన్నది తప్పుకోవాలి. ఆ పడవ తెరచాప రెండవ పడవకు అందే గాలిని అడ్డుకొనగలదు. అనుకూల స్థానంలో ఉన్నవాడు ప్రతికూల స్థానంలో ఉన్నవానికి దారి ఇవ్వడం ఇందులోని న్యాయం. వెనుక నుండి దాటిపోయే పడవ, అది ఏదైనా సరే, ముందున్న దానికి అడ్డు రాకూడదు.

తప్పుకోవడంలోనూ ఒక పద్ధతి ఉంది. ఆఖరి క్షణంలో కొద్దిగా పక్కకు జరగడం చాలదు. ఎదుటివానికి స్పష్టంగా తెలిసేటట్లు ముందుగానే, గట్టిగా దారి మళ్లించాలి. దారి హక్కు గలవానికీ విధి ఉంది. అతడు తన మార్గాన్నీ వేగాన్నీ మార్చకుండా సాగాలి. మొహమాటంతో అతడు కూడా పక్కకు తిరిగితే రెండు పడవలూ ఢీకొనే ప్రమాదం ఉంది. ఒక్కొక్కప్పుడు స్థిరంగా ఉండడమే మర్యాద. ఎదుటివాడు తప్పుకోకపోతే మాత్రం హక్కును పట్టుకొని కూర్చోరాదు. ప్రమాదాన్ని నివారించడానికి తానూ చేయగలిగినదంతా చేయాలి.

సాధారణంగా యంత్రపు పడవ తెరచాప పడవకు దారి ఇవ్వాలి. అయితే వల వేసి కదలలేని స్థితిలో ఉన్న చేపల పడవకు తెరచాప పడవే దారి ఇవ్వాలి. వినోదానికి వచ్చినవాడు జీవనోపాధికై వచ్చినవాని వలను తప్పించి పోవడం ఎంతో సమంజసం. ఇరుకైన నౌకామార్గంలో తప్ప వేరుచోట పోలేని పెద్ద ఓడకు కూడా చిన్న తెరచాప పడవ అడ్డు రాకూడదు.

పందెంలో ఈ మర్యాద మరింత తీవ్రమైన పరీక్షకు లోనవుతుంది. అధిక సంఖ్యలో పడవలు పాల్గొనే పందెంలో ప్రతి పడవ వెంట న్యాయనిర్ణేత ఉండడు. పోటీదారులే నియమాలను పాటించాలి. నియమం తప్పి మరొక పడవకు అడ్డు తగిలిన నావికుడు సాధారణంగా పక్కకు తప్పుకొని, తన పడవను రెండుసార్లు గుండ్రంగా తిప్పి, తనకు తానే శిక్ష విధించుకోవాలి. ఆ లోపల ఇతర పడవలు ముందుకు సాగిపోతాయి. చూసినవారు లేరని ఊరుకొంటే ఫలితం దక్కవచ్చు. కాని ఆ క్రీడ విశ్వాసంపై నిలిచి ఉన్నది. ఈ నియమాలలో మొట్టమొదటిది, ఆపదలో ఉన్నవారికి చేతనైన సహాయం చేయాలన్నది.

ఆ నియమానికి లారెన్స్ లెమ్యూ జీవితం నిదర్శనం. 1988 సెప్టెంబరు 24న సియోల్ ఒలింపిక్స్‌లో భాగంగా దక్షిణ కొరియాలోని బూసాన్ వద్ద పడవ పందేలు జరుగుతున్నాయి. కెనడాకు చెందిన లెమ్యూ ‘ఫిన్’ అనే ఒంటరి పడవలో ఐదవ పందెంలో రెండవ స్థానంలో ఉన్నాడు. గాలి గంటకు దాదాపు 65 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంది. సమీపంలో వేరొక పందెంలో పాల్గొంటున్న సింగపూర్ పడవ ఒకటి తలకిందులయింది. ఒక నావికుడు పడవను పట్టుకొని వేలాడుతున్నాడు, రెండవవాడు కొట్టుకొనిపోతున్నాడు. వారు లెమ్యూకు పోటీదారులు కూడా కారు. అతడు తన పందెపు దారిని విడిచి వారివైపు మళ్లాడు. ఇద్దరినీ తన చిన్న పడవలోకి లాగి, రక్షణ నౌక వచ్చేవరకు వేచి ఉండి, వారిని అప్పగించిన తరువాతనే తిరిగి పందెంలోకి వెళ్లాడు. అప్పటికి ఎన్నో పడవలు అతనిని దాటిపోయాయి. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండవ స్థానాన్నే ప్రసాదించారు. మొత్తం పోటీలో అతడు 11వ స్థానంతో తృప్తిపడవలసి వచ్చింది. పోటీలో పతకం రాకపోయినా, క్రీడాస్ఫూర్తికి గుర్తింపుగా అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం అతనిని పియరీ డి కూబర్టిన్ పతకంతో సత్కరించింది.

వాలుదారిపై మరొకరి పడవ తాడు పట్టుకొనే చేయి, నడిసముద్రంలో మునుగుతున్నవానిని లాగే చేయి వేర్వేరు కావు. చిన్న సందర్భాలలో అలవడిన మర్యాదే పెద్ద ఆపదలో ఆలోచనకు వ్యవధి లేకుండా ముందుకు వస్తుంది. గాలి ఎవరి అదుపులోనూ ఉండదు. అదుపులో ఉండేవి చుక్కాని, దానిని పట్టిన మనిషి మనసు. గీతలు లేని నీటి మీద తన చెలియలికట్టను తానే నిర్మించుకొన్నవాడే నిజమైన నావికుడు.