డొమైన్ పేరుకు రెండవ ఆధారము

గంభీరావుపేట మండలములోని నర్మాల వద్ద, మానేరు, కూడవెల్లి వాగులు కలియు చోట, ఎగువ మానేరు జలాశయము ఉన్నది. ఒక పొలమునకు ఈ జలాశయమునుండియే రెండు కాలువలు వచ్చుచున్నవనుకొందము. ఒక కాలువకు గండి పడినచో రెండవది ఆదుకొనును. కాని జలాశయమే ఎండినచో రెండు కాలువలును ఎండును. ఆ పొలమునకు నిజమైన రెండవ ఆధారము కావలెనన్నచో, అది వేరొక నీటివనరు కావలెను. ఇంటర్నెట్టులోని పేర్లకును ఇదే సూత్రము వర్తించును.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల చిరునామాలతో గుర్తించుకొనును. మనుష్యులకు అంకెలకన్న పేర్లు సులభముగా గుర్తుండును. పేరు చెప్పినంతనే దాని అంకెల చిరునామాను తెలుపు వ్యవస్థకు డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తముగా డీఎన్ఎస్, అని పేరు. దీనిని 1983లో పాల్ మొకాపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను.

గంభీరావుపేటలోని ఒక పాఠశాలవారు '.ఇన్'తో ముగియు పేరును తీసికొని, వెబ్‌సైటును ఒక హోస్టింగు సంస్థ కంప్యూటరులో ఉంచిరనుకొందము. ఎవరైన ఆ పేరును అడిగినప్పుడు ప్రశ్న మొదట మూల సర్వర్లకు, అచటినుండి '.ఇన్' సర్వర్లకు, తుదకు ఆ పాఠశాల పేరుకు సంబంధించిన నేమ్ సర్వర్లకు పోవును. ఈ చివరి సర్వర్లు పలుకకున్నచో వెబ్‌సైటు చక్కగా పనిచేయుచున్నను ఫలితము శూన్యము. పాఠశాలకు వచ్చు ఈ-మెయిలును దారి తెలియక నిలిచిపోవును. పంపినవారి సర్వరు సాధారణముగా నాలుగైదు దినములు మరల మరల ప్రయత్నించి, పిదప ఉత్తరమును తిప్పి పంపును.

ఈ ప్రమాదమును తప్పించుటకే ప్రతి పేరుకును కనీసము 2 నేమ్ సర్వర్లు ఉండవలెనని నియమము. ప్రధాన సర్వరులో అసలు పట్టిక ఉండును. ద్వితీయ సర్వరు దాని నకలును తెచ్చుకొని తనయొద్ద ఉంచుకొనును. పట్టికకు ఒక వరుస సంఖ్య ఉండును. మార్పు జరిగినపుడెల్ల ఆ సంఖ్యను పెంచుదురు. ద్వితీయ సర్వరు నియమిత కాలమున కొకసారి ఈ సంఖ్యను చూచి, అది పెరిగియున్నచో క్రొత్త నకలును తెచ్చుకొనును. ప్రధాన సర్వరు మూగవోయినను, నకలునకు విధించిన గడువు తీరువరకు ద్వితీయ సర్వరు జవాబు చెప్పుచునే ఉండును. ఈ గడువు 2 నుండి 4 వారములు ఉండుట మంచిదని 1996 నాటి ఒక సాంకేతిక పత్రము సూచించినది.

ఇచట ఒక అపోహను తొలగించవలెను. 'ద్వితీయ' అనగా మొదటిది చెడినప్పుడు మాత్రమే పనికివచ్చునది కాదు. అడుగువారికి రెండును సమానమే. ఎవరు దేనినైనను అడుగవచ్చును. కావున ద్వితీయ సర్వరులోని నకలు పాతబడినచో, ప్రధాన సర్వరు బాగుగానే ఉన్నను, కొందరికి తప్పు చిరునామా అందును.

సంఖ్య రెండైనంతమాత్రమున రక్షణ కలుగదని చరిత్ర చెప్పుచున్నది. 2001 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థకు 4 నేమ్ సర్వర్లు ఉండెడివి. కాని అవన్నియు ఒకే నెట్‌వర్కుపై ఆధారపడియుండెను. అచటి రౌటరు అమరికలో జరిగిన ఒక పొరపాటువలన ఆ సంస్థ వెబ్‌సైట్లు దాదాపు ఒక దినము జనులకు అందలేదు. 2016 అక్టోబరు 21న డిన్ అను డీఎన్ఎస్ సంస్థపై భారీ దాడి జరిగినది. నాటి ట్విటర్ మొదలగు పేరుగాంచిన వెబ్‌సైట్లు అనేకులకు గంటలకొలది అందలేదు. డిన్ సర్వర్లు పలుచోట్ల ఉండెను. కాని నడుపు సంస్థ ఒక్కటే. ఇది జరిగిన రెండు వారములకే, నవంబరు 3 నుండి 9 వరకు, ఇంటర్నెట్టు పేర్ల వ్యవస్థను సమన్వయపరచు ఐకాన్ సంస్థ 57వ సమావేశము మన హైదరాబాదులో జరిగినది.

ద్వితీయ సేవను ఎన్నుకొనునప్పుడు మొదట పరిశీలించవలసినది ఈ స్వతంత్రతయే. హోస్టింగు సంస్థలు సాధారణముగా రెండు నేమ్ సర్వర్ల పేర్లు ఇచ్చును. కొన్నిచోట్ల ఆ రెండు పేర్లును ఒకే యంత్రమునకు చెందియుండును. భవనము, విద్యుత్తు, నెట్‌వర్కు, వీలైనచో నడుపు సంస్థకూడ వేరై ఉండవలెను. ఈ విషయమై 1997లో వెలువడిన మార్గదర్శక పత్రము సాధారణ సంస్థలకు 3 సర్వర్లు చాలునని చెప్పినది.

రెండవది, నకలు పంపుటకు హోస్టింగు సంస్థ అంగీకరించునా అని అడుగవలెను. అంగీకరింపని సంస్థతో ద్వితీయ సేవ పొసగదు. మూడవది, మార్పు జరిగిన వెంటనే కబురందుకొని క్రొత్త నకలును తెచ్చుకొను ఏర్పాటును, ఆ నకలు సరియైన చోటినుండియే వచ్చినదని రహస్య తాళముతో నిర్ధారించుకొను సౌకర్యమును ఉండవలెను. నాలుగవది, పేరునకు డీఎన్ఎస్‌సెక్ అను సంతకపు రక్షణ ఉన్నచో, ద్వితీయ సేవ ఆ సంతకములను చెడకుండ అందించవలెను. ఐదవది, ఉచిత సేవయైనచో ప్రశ్నల సంఖ్య పరిమితి దాటినప్పుడు ఏమగునో ముందే తెలిసికొనవలెను. పరీక్షాఫలితముల దినముననే సేవ ఆగినచో ఆ ఉచితము ఖరీదైనదే అగును.

సేవ కుదిరిన పిదప ఆ సర్వరు పేరును డొమైన్ నమోదు చేసిన సంస్థవద్ద చేర్పించవలెను. అచట చేరని సర్వరును సాధారణముగా ఎవరును అడుగరు. తరువాత రెండు సర్వర్లలోని వరుస సంఖ్యలు సమానముగా ఉన్నవా అని అప్పుడప్పుడు చూచుచుండవలెను.

విద్యార్థులు దీనిని పాఠశాల కంప్యూటరుపై పరీక్షింపవచ్చును. ఎన్ఎస్‌లుకప్ అను సాధనముతో తమకు తెలిసిన ఒక వెబ్‌సైటు నేమ్ సర్వర్ల పేర్లను, పిదప వాని అంకెల చిరునామాలను రాబట్టవలెను. రెండు పేర్లకును ఒకే చిరునామా వచ్చినచో, ఆ వెబ్‌సైటునకు పేర్లు రెండైనను ఆధారము ఒక్కటియేనని గ్రహింపవచ్చును. చిరునామాలు వేరైనను అవి ఒకే భవనమునకు చెందియుండవచ్చును గనుక, ఆ సంగతిని సంస్థవారినే అడిగి తెలిసికొనవలెను.