నాలుగు కౌంటీలు, ఒక పేరు

‘వామీ’ అంటే ఎవరిదో ముద్దుపేరనిపిస్తుంది. నార్త్ కరోలినా పడమటి కొండల్లోని వటాగా, ఏవరీ, మిచెల్, యాన్సీ కౌంటీల ఇంగ్లీషు పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన పేరది. బూన్ పట్టణం కేంద్రంగా నడిచే ఈ పేదరిక నిర్మూలన సంస్థ పుట్టుకలో డబ్బు కంటే ఆ అక్షరాల కలయికే పెద్ద సంగతని నా అభిప్రాయం.

1960ల మొదట్లో ఈ రాష్ట్రంలో బట్టల మిల్లులకు, పొగాకు, ఫర్నిచర్ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. జీతాలు మాత్రం దేశంలోనే అట్టడుగున ఉండేవి. దీనికి ఒక జవాబు, 1959లో పరిశోధన సంస్థల కోసం మొదలైన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్. మన తెలుగువాళ్లలో చాలామందిని ఈ రాష్ట్రానికి రప్పించింది అదే. కానీ చదువు తక్కువైన కొండ రైతుకు అది అందేది కాదు. గవర్నర్ టెరీ శాన్‌ఫర్డ్‌కు అప్పటి నిబంధనల ప్రకారం వరసగా రెండోసారి పోటీచేసే వీల్లేదు, శాసనసభేమో ఇలాంటి ఖర్చుకు సుముఖంగా లేదు. అందుకే 1963లో ప్రభుత్వానికి బయట ‘నార్త్ కరోలినా ఫండ్’ పెట్టించారు. ఫోర్డ్ ఫౌండేషన్ 70 లక్షల డాలర్లిచ్చింది, పొగాకు వ్యాపారంలో ఎదిగిన రెనాల్డ్స్ కుటుంబ ఫౌండేషన్లు మరికొంత వేశాయి. పొగాకు పైకం పేదల పనికి మళ్లడం ఈ రాష్ట్రానికి తగ్గట్టే ఉంది. ఫండ్ తన పథకాన్ని ఎవరి నెత్తినా రుద్దలేదు. మీ ఊళ్లకేం కావాలో మీరే రాసి పంపమంది. అలా ఎంపికైన 11 ప్రాజెక్టుల్లో వామీ ఒకటి.

న్యూయార్క్‌లోని ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో నడిచినదాన్ని స్థానిక సంస్థ అనవచ్చా? అనవచ్చు. సొమ్ము బయటిదే, కలవడం మాత్రం లోపలిది. ఎవరి కోర్టు, ఎవరి షెరీఫ్ వారికున్న చోట నాలుగు కౌంటీలు ఒకే బోర్డు కింద కూర్చోవడం చిన్న విషయం కాదు. తెలుగు రాష్ట్రాల్లో జిల్లాలు ముక్కలై పెరగడం చూసిన మనకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం పేదరికంపై తెచ్చిన చట్టం 1964 ఆగస్టులో వచ్చాక ఇదంతా వాషింగ్టన్ పథకమైపోయిందనేవారూ ఉన్నారు. నిధుల మటుకు నిజమే. అయితే ఆ చట్టం పేదల భాగస్వామ్యం కోరింది. తర్వాతి సవరణలతో బోర్డులో కనీసం మూడోవంతు పేదల ప్రతినిధులకు, మరో మూడోవంతు ఎన్నికైన అధికారులకు చోటు స్థిరపడింది. ఆ కుర్చీలు నామమాత్రమేనని కొట్టిపారేయడం తేలిక. కానీ ఇదే ఫండ్ కింద డర్హమ్‌లో నడిచిన ‘ఆపరేషన్ బ్రేక్‌త్రూ’లో పేదలు ఇళ్ల గురించి, అద్దెల గురించి గట్టిగా అడగడం మొదలుపెట్టగానే పెద్దలు ఉలిక్కిపడ్డారు. ఉత్తుత్తి కుర్చీలకు ఎవరూ అంత కంగారుపడరు.

పేదరికం పోలేదు కదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కొండల్లో అది ఇంకా ఉంది. ఫండ్ ముందే పెట్టుకున్న గడువు ప్రకారం అయిదేళ్లకు, 1968లో, మూతబడింది. వామీ ఇంకా బూన్ నుంచి పనిచేస్తూనే ఉంది.