కన్నెపొర: పదం, దేహం, న్యాయం

1.0 ఉపోద్ఘాతం

యోనిద్వారం అంచున ఉండే సన్నని కణజాలాన్ని తెలుగులో ‘కన్నెపొర’ అంటారు. ఈ సమాసంలోని రెండు పదాలూ అపోహకు తావిస్తాయి. ‘పొర’ అనడం వల్ల అది ద్వారాన్ని పూర్తిగా మూసివుంచే తెర అనిపిస్తుంది. ‘కన్నె’ అనడం వల్ల అది స్త్రీ లైంగిక చరిత్రకు సాక్ష్యమనిపిస్తుంది. శరీరనిర్మాణ శాస్త్రం ఈ రెంటినీ సమర్థించదు. ఈ భావన సామాజిక ఆచారాలపై, న్యాయవిచారణపై చూపిన ప్రభావాన్ని వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2.0 సహజ వైవిధ్యం

ఈ కణజాలం సాధారణంగా ద్వారం చుట్టూ వలయంలాగానో, అర్ధచంద్రాకారంలోనో ఉంటుంది. కొందరిలో అంచు కుచ్చులుగా ఉంటుంది. అరుదుగా మధ్యలో ఒక పట్టీ గాని, జల్లెడ వంటి చిన్న రంధ్రాలు గాని ఉంటాయి. ద్వారం పూర్తిగా మూసుకొని ఉండడం పుట్టుకతో వచ్చే అరుదైన లోపం. ఆ స్థితిలో ఋతురక్తం లోపలే నిలిచిపోతుంది, శస్త్రచికిత్స అవసరమవుతుంది. అంటే, లోకం ‘పవిత్రత’గా ఊహించుకొన్న స్థితి నిజానికి చికిత్స చేయవలసిన స్థితి.

యౌవనారంభంలో ఈస్ట్రోజెన్ ప్రభావంతో ఈ కణజాలం మందమై, సాగే గుణాన్ని పొందుతుంది. అందుచేత తొలి కలయికలో రక్తస్రావం అందరికీ జరగదు. చిన్న చీలికలు ఆనవాలు లేకుండా మానిపోవచ్చు. కనుక దీని ఆకృతిని బట్టి లైంగిక చరిత్రను నిర్ధారించడం ఏ వైద్యునికీ సాధ్యం కాదు.

3.0 ఆచారం, న్యాయం

మహారాష్ట్రలోని కంజర్‌భాట్ సముదాయంలో పెళ్లినాటి రాత్రి దుప్పటిపై రక్తపు మరకను వెదికే ఆచారాన్ని ఆ సముదాయపు యువతీయువకులే ప్రతిఘటించారు. ఆస్పత్రులలో ఇదే నమ్మకం ‘రెండు వేళ్ల పరీక్ష’గా వైద్యరూపం ధరించింది. అత్యాచార బాధితురాలి శీలాన్ని ప్రశ్నించడానికి వీలు కల్పించిన సాక్ష్య చట్టం 155(4) నిబంధన 2003లో రద్దయినా, ఈ పరీక్ష ఆగలేదు. ఇది బాధితురాలి గోప్యతకు, గౌరవానికి భంగకరమని 2013లో లిల్లూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు దీనిని నిషేధించాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర ఐక్యరాజ్యసమితి సంస్థలు కన్యాత్వ పరీక్షలకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించాయి. 2022 అక్టోబరు 31న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ హిమా కోహ్లీ ధర్మాసనం ఈ పరీక్ష చేసినవారిని దుష్ప్రవర్తనకు బాధ్యులుగా పరిగణించాలని, వైద్యవిద్య పాఠ్యాంశాలను సమీక్షించాలని ఆదేశించింది. లైంగిక అనుభవం ఉన్న స్త్రీపై అత్యాచారం జరగదన్న తప్పుడు ఊహే ఈ పరీక్షకు మూలమని ధర్మాసనం గుర్తించింది.

4.0 ముగింపు

తీర్పులు పరీక్షను నిషేధించగలవు. పదంలో పాతుకొన్న భావనను తొలగించలేవు. స్వీడిష్ భాషలోనూ ఈ కణజాలానికి ‘కన్యాత్వపు పొర’ అనే అర్థమున్న పేరే ఉండేది. 2009లో అక్కడి లైంగిక విద్యా సంఘం దాని స్థానంలో ‘యోని వలయం’ అనే అర్థమిచ్చే ‘స్లీడ్‌క్రాన్స్’ పదాన్ని ప్రతిపాదించింది. తెలుగు నిఘంటువులు, పాఠ్యపుస్తకాలు కూడా ‘యోనిద్వార వలయం’ వంటి తటస్థ పదాన్ని స్వీకరిస్తే, శాస్త్రం చెప్పే సత్యానికి భాష అడ్డు నిలవదు.