రెండు వందల ఏండ్ల గొలుసు వంతెన

పాత వంతెన బలహీనపడినప్పుడు మూడు మార్గములు తోచును: దానిని మూసివేయుట, ప్రక్కన క్రొత్తది కట్టుట, పాతదానినే బాగుచేసి వాడుకొనుట. వీనిలో ఏది యుక్తమో తేల్చుటకు ముందు ఆ వంతెన బరువును ఎట్లు మోయుచున్నదో తెలియవలెను. ట్వీడ్ నదిపై గల యూనియన్ చెయిన్ వంతెన ఇందుకు మంచి ఉదాహరణము.

ఈ నది కొంతదూరము ఇంగ్లండు, స్కాట్లండులకు సరిహద్దు. హార్న్‌క్లిఫ్ అను పల్లెకు సమీపమున పూర్వము జనులు నీటిలో దిగి నదిని దాటెడివారు. వరద వచ్చినచో ఆ దారి మూతపడెడిది. అప్పుడు దిగువనున్న బెరిక్ మీదుగా 11 మైళ్లు, లేదా ఎగువనున్న కోల్డ్‌స్ట్రీమ్ మీదుగా 20 మైళ్లు చుట్టు తిరుగవలసి వచ్చెడిది. నౌకాదళమునకు చెందిన కెప్టెన్ శామ్యూల్ బ్రౌన్ రూపొందించిన ఈ వంతెనను 1820 జూలై 26న తెరచిరి. పొడవు 449 అడుగులు. నేటికిని వాహనములు నడచుచున్న వ్రేలాడు వంతెనలలో ఇదియే అతి ప్రాచీనము.

నది మధ్యన స్తంభము లేకుండ ఇంత బరువు నిలుచుట ఎట్లు? ఇద్దరు విద్యార్థులు ఒక త్రాడు కొసలు పట్టుకొని, నడుమ పుస్తకముల సంచిని వ్రేలాడదీయవలెను. త్రాడు బాగుగా వంగియున్నప్పుడు శ్రమ తక్కువ. దానిని తిన్నగా చేయబోయినకొలది చేతులపై లాగుడు హెచ్చును. ఈ లాగుడునే తన్యత అందురు. వంతెన గొలుసులోను ఇంతే: వంపు సగమైనచో తన్యత సుమారు రెండింతలగును. పోత ఇనుము నొక్కుడుకు ఓర్చును గాని, లాగినచో పెళుసుగా విరుగును. చేత ఇనుము లాగుడుకు ఓర్చును. ఓడల గొలుసులలో ఆరితేరిన బ్రౌన్ చేత ఇనుప కడ్డీలను కీలించి ఈ వంతెనకు గొలుసులు కూర్చెను.

తడిగాలికి కడ్డీ త్రుప్పుపట్టి సన్నబడినచో, మోయు బరువు మారకున్నను, ప్రతి చదరపు అంగుళముపై పడు లాగుడు పెరుగును. అందుచేత పాత వంతెనకు తనిఖీయే ప్రాణము. 1902–03లో గొలుసులకు తోడుగా ఉక్కు తీగత్రాళ్లు అమర్చిరి. 2007లో ఒక వ్రేలాడు కడ్డీ విరిగి, కొన్ని నెలలు మోటారు వాహనములను ఆపవలసివచ్చెను. 2013లో వంతెన ప్రమాదస్థితిలోనున్న చారిత్రక కట్టడముల పట్టికకు ఎక్కెను. మరుసటి ఏట స్థానికులు దానిని కాపాడుటకు ఒక సంఘముగా ఏర్పడిరి.

మూసివేసినచో ఇరుగట్టుల పల్లెలు మరల దూరమగును. వాడుకలేని వంతెనపై శ్రద్ధయు సన్నగిల్లును. ఇరుదేశముల స్థానిక ప్రభుత్వములు, లాటరీ సొమ్ముతో నడచు వారసత్వ నిధి, ప్రజలు చేయి కలిపిరి. 2020 అక్టోబరులో పని ఆరంభమైనది. వంతెనను విప్పి, భాగములను పరీక్షించి, మరల కూర్చిరి. ఒక కోటి అయిదు లక్షల పౌనుల ప్రణాళిక అది. 2023 ఏప్రిల్ 17న రాకపోకలు తిరిగి సాగినవి.

మీ ఊరి సమీపమున పాత వంతెన ఉన్నచో విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసుకొనవచ్చును. ఏ భాగము లాగుడును, ఏ భాగము నొక్కుడును భరించుచున్నది? ఏది శిథిలమైనది? దానిని దాటువారి అవసరమేమి? ఈ మూడింటికి సమాధానము దొరకిన పిమ్మటనే కూల్చుటయో, నిలుపుటయో నిర్ణయించుట న్యాయము.