తమంతట తామే కూడుకునే పెప్టైడ్‌లు

అమైనో ఆమ్లాలు పెప్టైడ్ బంధాలతో గొలుసుగా ఏర్పడతాయని ప్రోటీన్‌ల పాఠంలో చదివారు. వాటిలో కొన్ని నీటితో చేరతాయి, కొన్ని నీటికి దూరంగా ఉంటాయి. ఈ రెండు రకాల వరస సరిగ్గా కుదిరిన పొట్టి పెప్టైడ్‌లను నీటిలో వేస్తే, జలవిరోధి భాగాలను లోపల దాచుకుంటూ ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. హైడ్రోజన్ బంధాలు వాటిని పట్టి ఉంచుతాయి. అణువుల మధ్య కొత్త సమయోజనీయ బంధాలేవీ ఏర్పడవని గమనించండి. అందుకే ఈ నిర్మాణం మళ్లీ విడిపోగలదు.

లాన్రియోటైడ్‌నే తీసుకోండి. ఉన్నవి ఎనిమిది అమైనో ఆమ్లాలే. సొమటోస్టాటిన్ హార్మోనును అనుకరించే ఈ పెప్టైడ్ నీటిలో సుమారు 24 నానోమీటర్ల వ్యాసం గల గొట్టాలుగా అమరి, చిక్కని జెల్ అవుతుంది. చర్మం కింద లోతుగా ఇంజెక్షన్ చేస్తే, జెల్ నుంచి అణువులు కొద్దికొద్దిగా విడివడి రక్తంలో కలుస్తాయి. అసలు హార్మోను రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే. ఈ మందు నాలుగు వారాలకు ఒకసారి చాలు. జీర్ణనాళం, క్లోమాలలో పుట్టే కొన్ని న్యూరోఎండోక్రైన్ కణితులకు అమెరికాలో 2014లో అనుమతి లభించింది. ఇది కణితి ముదరడాన్ని ఆలస్యం చేస్తుంది. నయం చేస్తుందని పొరబడకండి.

రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే పని ఇంకా ప్రయోగదశలోనే ఎక్కువగా ఉంది. పోగులుగా కూడుకునే క్యూ11 పెప్టైడ్‌కు ప్రతిజనకపు ముక్కను అతికించి ఎలుకలకు ఇచ్చినప్పుడు, సహాయక ద్రవ్యం కలపకుండానే ప్రతిరక్షకాలు పుట్టాయి. ప్రతిజనకం స్థానంలో కణితికి చెందిన ముక్కను పెట్టడమే క్యాన్సర్ టీకాల ఆలోచన.

అభ్యాసం: లాన్రియోటైడ్ అణువులు సమయోజనీయ బంధాలతో అతుక్కుని ఉంటే మందు విడుదల ఏమవుతుంది? మూడు వాక్యాల్లో రాయండి.